ఖాళీ గళ్లు వదిలిన పట్టిక

ఇవాళ్టి లెక్క ప్రకారం అయోడిన్ పరమాణు భారం 126.9, టెల్లూరియంది 127.6. భారం పెరిగే క్రమంలో మూలకాలను పేర్చుకుంటూ పోతే అయోడిన్ ముందు రావాలి. 1869లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో తన ఆవర్తన పట్టిక రాసుకున్న దిమిత్రీ మెండలీవ్ మాత్రం టెల్లూరియంనే ముందు పెట్టాడు. అయోడిన్ తీరంతా క్లోరిన్, బ్రోమిన్‌లదే. టెల్లూరియం గంధకం, సెలీనియంల కోవలోది. ఏ కుదురుది ఆ కుదుట్లోనే ఉండాలన్నాడు. భారం కొలవడంలోనే పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. కొలతలో పెద్ద తప్పేమీ లేదు, కానీ ఆయన వేసిన వరుస నిలిచింది. ఎందుకో 1913లో హెన్రీ మోస్లీ ఎక్స్‌రేలతో తేల్చాడు: వరుసను నడిపేది భారం కాదు, కేంద్రకంలోని ధనావేశం. అంటే ప్రోటాన్ల సంఖ్య. టెల్లూరియంలో 52, అయోడిన్‌లో 53. మోస్లీ రెండేళ్లకే గలిపోలీ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు.

ఇవాళ్టి పట్టికలో అడ్డు వరుసలు 7, నిలువు వరుసలు 18. అడ్డంగా వెళ్తుంటే ప్రోటాన్లు ఒక్కొక్కటే పెరుగుతాయి, గుణాలు మారుతూ పోతాయి. నిలువుగా దిగితే పోలిక కనిపిస్తుంది. సోడియం, పొటాషియం రెండూ చాకుతో కోయగలిగినంత మెత్తని లోహాలు. చిన్న పొటాషియం ముక్కను నీళ్లలో వేస్తే లేత ఊదారంగు మంటతో బుసలు కొడుతూ నీటి మీద పరుగెడుతుంది. రెండింటికీ చివరి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉండటమే ఈ పోలికకు మూలం. మెండలీవ్ పట్టిక రాసుకున్న నాటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు.

అయినా ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఖాళీ గళ్లు వదలడం. అల్యూమినియం కింద ఒక గడి వదిలి, రాబోయే మూలకం గుణాలు ముందే రాసిపెట్టాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ గాలియం కనిపెట్టి, సాంద్రత 4.7 అన్నాడు. దాన్ని చూడనైనా చూడని మెండలీవ్, అది 5.9 దాకా ఉండాలి, లోహాన్ని ఇంకా శుద్ధిచేసి చూడమని చెప్పాడు. శుద్ధిచేసి కొలిస్తే 5.9 వచ్చింది! సిలికాన్ కింది గడికి పరమాణు భారం 72 అని రాశాడు. 1886లో వింక్లర్ జర్మేనియంను పట్టుకుని కొలిస్తే 72.3.

ఇప్పుడు 118 మూలకాలతో ఏడో వరుస నిండింది. అయితే ఆ చివర ఉన్న ఓగనెస్సాన్ నిలబడేది మిల్లీసెకను లోపే. ఉన్నది జడవాయువుల నిలువు వరుసలో. గది ఉష్ణోగ్రత దగ్గర మాత్రం అది వాయువుగా కాక ఘనంగా ఉండొచ్చని లెక్కలు చెబుతున్నాయి. కేంద్రకం అంత బరువెక్కినప్పుడు లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి దగ్గరవుతుంది, దాంతో కక్ష్యల తీరే మారిపోతుంది. నిలువు వరుస పోలిక అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి చేతికందేవి కొద్దిపాటి పరమాణువులే.