క్యాటలిస్టుకు పట్టిన లోహం

చమురు రిఫైనరీలోని ఎఫ్‌సీసీ (ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్) యూనిట్‌లో వాడే కొత్త క్యాటలిస్టు తెల్లటి మెత్తటి పొడి. రేణువు సగటున 70 మైక్రాన్లు ఉంటుంది. కింది నుంచి గాలి ఊదితే నీళ్లలా పారుతుంది. బరువైన చమురును విరగ్గొట్టి పెట్రోలు, వంటగ్యాసు తీసేది ఈ పొడే. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న విశాఖ రిఫైనరీలోనూ ఈ యూనిట్లున్నాయి. కొన్నాళ్లు తిరిగిన పొడిని బయటికి తీస్తే బూడిదరంగు తేలి ఉంటుంది.

రేణువు మీద పేరుకునే మసి, అంటే కోక్, పెద్ద చిక్కు కాదు. వాడిన పొడిని మళ్లీ పనికి సిద్ధం చేసే రిజనరేటర్‌లో 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కాలిపోతుంది. ఆ వేడే యూనిట్‌ను నడుపుతుంది కూడా. లోహాలు మాత్రం కాలవు. ముడిచమురులోని నికెల్, వనేడియంలలో కొంత భాగం పోర్ఫిరిన్ అణువుల నడుమ బిగిసి ఉంటుంది. అవి ఏనాటి నాచుల, మొక్కల పత్రహరితానికో మిగిలిన ఆనవాళ్లని 1930లలో జర్మన్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ చూపించాడు. చమురు విరిగినప్పుడు ఆ లోహం రేణువుకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది.

నికెల్ చమురులోని హైడ్రోజన్‌ను ఊడగొట్టి గ్యాసునూ కోక్‌నూ పెంచుతుంది. వనేడియం అంతకన్నా చేటు. దాని పెంటాక్సైడ్ 690 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రిజనరేటర్‌లో నీటి ఆవిరి తోడై, రేణువు నుంచి రేణువుకు పాకి, చమురును విరగ్గొట్టే జియోలైట్ అనే ఖనిజపు గూళ్లను కూల్చేస్తుంది. కూలిన గూడును ఏ శుద్ధీ నిలబెట్టలేదు. అందుకే లోహం తీసే పనికి అదను ముఖ్యం.

ఘాటైన ఆమ్లంలో ముంచితే లోహంతో పాటు జియోలైట్‌లోని అల్యూమినియమూ కరిగిపోతుంది. డీమెట్ అనే పద్ధతి చుట్టుదారి పడుతుంది. ముందు మిగిలిన కోక్‌ను కాల్చేస్తారు. తర్వాత బాగా వేడిమీద హైడ్రోజన్ సల్ఫైడ్ పంపి లోహాలను సల్ఫైడ్లుగా మారుస్తారు. ఆపైన వేడి తగ్గించి క్లోరిన్ పంపుతారు. అసలు నేర్పు ఇక్కడుంది. వనేడియం క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి. ఆక్సీక్లోరైడ్ అయితే 127 డిగ్రీలకే మరుగుతుంది. నికెల్ క్లోరైడ్ ఆ వేడికి ఎగరదు, కానీ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కడిగి ఆరబెట్టిన పొడిని కొత్తదానితో కలిపి మళ్లీ యూనిట్‌లో పోయవచ్చు.

రెండు విషవాయువులతో, తుప్పును తట్టుకునే పరికరాలతో పని కాబట్టి ఖర్చు ఎక్కువే. చాలా రిఫైనరీలు ఆంటిమొనీ కలిపి నికెల్‌ను అణచి ఉంచుతాయి, రోజూ కొంత పాత పొడి తీసి కొత్తది వేస్తాయి. అయితే ఆంటిమొనీ లోహాన్ని తీయదు, దాని జోరు తగ్గిస్తుందంతే. తీసిన లోహాన్నీ వదిలేయకూడదు. కడిగిన నీళ్లలో సున్నం వేస్తే నికెల్ హైడ్రాక్సైడ్ ఆకుపచ్చ మడ్డిగా అడుగుకు దిగుతుంది. దాన్ని వడకట్టి లోహంగా మార్చడానికి పంపవచ్చు.