చామనచాయకు వర్ణయోగము

తైలవర్ణములతో సజీవమైన ముఖచిత్రమును వ్రాయ నేర్వగోరు పడుచువారి చేతులలో నేను చూచుచుండు పాశ్చాత్య శిక్షణగ్రంథములు, చేతికి పనితనమును, కంటికి కొలతను నేర్పుటలో ఎంతటి ఉపకారకములైనను, మన ముఖముల విషయమున మాత్రము చాలవని చెప్పక తప్పదు. తెలుపున గులాబియు, కొంచెము పసుపును కలిపి దేహచ్ఛాయను సాధింపుమని వానిలో ననేకము లుపదేశించును. ఆ యోగముతో మా విశాఖ చేపలరేవున వలలు దించుచున్న మనిషిని చిత్రించినచో, పటమున నిలుచువాడు మన ఊరివాడు కాడు.

మనకు వలసిన రంగులు మన నేలలోనే యున్నవి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల కా యెరుపు నిచ్చిన ఇనుప ఆక్సైడే ఇండియన్ రెడ్డునకును, కాల్చిన సియెన్నాకును, అంబరునకును జీవము. ఎల్లో ఓకర్ పసిమియు ఇనుము పెట్టినదే. బైలదిల్లా కొండలనుండి గూడ్సుబండ్లు మోసి తెచ్చు రాతియందును, మన ఉక్కు కర్మాగారపు కొలుములయందును ఏ ధాతువు కలదో, ఆ ధాతువే మన నుదుటి వెచ్చదనమును కాన్వాసుపైకి దింపగలదు. ఇక టైటానియం తెలుపునకు మూలమగు ఇల్మెనైటు, భీమిలి తీరమున నల్లని యిసుకయై పడియున్నది!

అయితే రంగునకు ముందు నీడ. టర్పెంటైనుతో పలుచన చేసిన అంబరుతో, కన్నులు సగము మూసి చూచుచు, ముఖమును వెలుగు, నీడ యను రెండు భాగములుగా మాత్రమే విభజింపవలెను. పోలిక కనురెప్పల వెండ్రుకలయందు లేదు. కనుబొమల క్రిందను, ముక్కు ప్రక్కను, పెదవి దిగువను పరచుకొన్న నీడల ఆకారమునందే యున్నది. చామనచాయ ముఖమున నిగ్గు పడినచోట ఆకాశపు నీలిమ తోచును, నీడకును వెలుగునకును నడుమ నుండు పట్టియలో వర్ణము మిక్కిలి గాఢమగును. నీడకై ఉత్త నలుపును కలిపితిమా, చర్మము బూడిదబారును. అల్ట్రామెరైనును కాల్చిన అంబరుతో కలిపిన ముదురురంగు ప్రాణము నిలుపును.

తైలవర్ణములలోని అవిసెనూనె నీటివలె ఆవిరియై పోవునది కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున అడుగుపూతలు ముందుగా గట్టిపడునట్లు వానిలో నూనె తక్కువగను, పైపూతలలో ఎక్కువగను ఉండవలెను. మాంగనీసు గల అంబరు త్వరగా ఆరును, ఐవరీ నలుపు ఆలసించును. సముద్రపు తేమ నిండిన వానకాలమున ఓర్పు మరింత కావలెను. ఇక ఉత్తరపు కిటికీ వెలుగు నిశ్చలమను శాస్త్రము ఐరోపాకు సరిపోవును గాని, మే నడుమనుండి జూలై చివరిదాక మధ్యాహ్నసూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకు వాలును; అప్పు డా కిటికీకి పలుచని తెల్లబట్ట కట్టుకొనుట మేలు.

రాజా రవివర్మ, 1868లో తిరువాన్కూరునకు వచ్చిన చిత్రకారుడు థియోడోర్ జెన్సన్ నేర్పనొల్లక పోయినను, అతడు పనిచేయుచుండగా చూచి చూచి ఈ విద్యను చాలవరకు గ్రహించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున లలితకళల శాఖ యున్న ఈ నగరమున నేటి విద్యార్థి కా దుర్లభత లేదు. పనిచేయు చేయిని చూడ వెళ్లుటయే తరువాయి. ఛాయాచిత్రమును ఎదుట పెట్టుకొని నకలు తీయువానికి నీడ లోపలి వర్ణము తరచుగా చిక్కదు. అందుచేత, తొలి పటమునకు తల్లినో, మేనత్తనో పీటపై కూర్చుండబెట్టుకొనుడు. రంగు కొంచెము తేల్చుమని ఇంటిల్లిపాదియు మీ వెనుక నిలిచి కోరుదురు. ఆ తెలుపును కలుపకుడు.