మర్యాదకు మార్కులేసేదెవరు?

మర్యాద మన వాడలకు ఏ దారిన వచ్చిందో అడగకుండా, దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడితే సగం సంగతే మాట్లాడినట్టు. తెలంగాణ గడీల ముందు 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అనడం కిందివాడి పద్ధతి. పదేళ్ల పటేలు కొడుకు అరవయ్యేళ్ల మాదిగ తాతను 'ఏరా' అనడం పైవాడి పద్ధతి. ఈ రెండూ కలిస్తేనే ఊరి మర్యాద. ఎవరు ఎవరిని ఏమని పిలవాలో తెలిసినవాణ్నే ఊరు 'మాట తెలిసినోడు' అన్నది. భాషాశాస్త్రం ఇవాళ దీన్నే సందర్భానికి తగ్గట్టు మాట్లాడే నైపుణ్యం అంటున్నది.

ఆ నైపుణ్యానికి ఇప్పుడు మిషన్ మార్కులేస్తున్నది. మాట్లాడే ఇంగ్లీషును కంప్యూటరుతో దిద్దించడం కొత్త కాదు. వెర్సాంట్, స్వార్ లాంటి పరీక్షలను కంపెనీలు ఉద్యోగాల వడపోతకు ఏండ్లుగా వాడుతున్నాయి. పియర్సన్ సంస్థ పీటీఈ అకడమిక్ 2009లో వచ్చింది. ఇవి ఎక్కువగా చూసింది ఉచ్చారణ, ధారాళం, వాక్యం. 2025 ఆగస్టులో అదే పీటీఈలో ఒక కొత్త రకం ప్రశ్న చేరింది. ఒక సందర్భం చెప్తారు, అందులో నువ్వుంటే ఏమంటావో నోటితో చెప్పాలి. తగినట్టు మాట్లాడావా అన్నదానికీ మార్కులే. బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలి చేసే తల్లిదండ్రుల పిల్లలు, సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివి మొదటిసారి ఇంగ్లీషు ఉద్యోగం గడప తొక్కబోయే పిల్లలు, ఇట్లాంటి మిషన్ల ముందే కూర్చోవాలి.

'తగినట్టు' అంటే ఎవరికి తగినట్టు? ఈ రంగంలో అందరూ ఎత్తుకునే పుస్తకం బ్రౌన్, లెవిన్సన్‌లది. 1987లో పుస్తకంగా వచ్చింది. ఎదుటివాడికి ఎంత అధికారం ఉంది, అతనికీ నీకూ ఎంత దూరం, నువ్వు అడిగేది ఎంత బరువైంది, ఈ మూడూ కూడితే ఎంత మర్యాద పెట్టాలో తేలుతుందన్నారు. వాళ్లు చూసిన భాషల్లో తమిళం ఒకటి. కోయంబత్తూరు జిల్లా పల్లెలో, కులాల మధ్య నడిచే మాటను కూడా వాళ్లు చూశారు. అంటే మన దేశపు కులం ఆ సిద్ధాంతం పునాదిలోనే ఉంది. కానీ అక్కడ అది ఒక కొలత మాత్రమే. అధికారం ఎక్కువైతే మర్యాద పెంచు అని చెప్తుందే గానీ ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని అడగదు.

మిషన్‌కు మర్యాద నేర్పే తీరు చూడండి. 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వికీపీడియా, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లలో జనం ఒకరినొకరు అడుక్కున్న 10,000కు పైగా వాక్యాలు తీసుకుని, ఏది ఎంత మర్యాదో అమెరికాలో ఉండేవాళ్ల చేత గుర్తులు పెట్టించారు. అవి మాటలు కావు, రాతలు. అయినా పద్ధతి అదే: కొందరి చెవికి ఇంపైంది అందరికీ కొలబద్ద అవుతుంది. వాళ్లే ఇంకోటి కూడా కనిపెట్టారు, అది మనకు ముఖ్యం. వికీపీడియాలో పెత్తనం కోసం ఎన్నికలో నిలబడి గెలిచినవాళ్లు, గెలవకముందు మర్యాదగా ఉండి, గెలిచాక ఆ మర్యాద తగ్గించుకున్నారు. మన సర్పంచుల సంగతి చెప్పినట్టే ఉంది కదా! మరి మర్యాద పరీక్ష పెట్టాల్సింది ఉద్యోగం అడిగేవాడికా, ఇచ్చేవాడికా?

ఇంకో చిక్కుంది. మన పిల్ల 'సార్, జర ఆ కాయితం ఇయ్యుండ్రి' అంటుంది. ఆ వాక్యంలో మర్యాదంతా క్రియ చివరి 'ఉండ్రి'లో ఉంది. ఇంగ్లీషు క్రియకు అట్లాంటి తోక లేదు. మాటకు మాట మార్చితే 'సార్, గివ్ దట్ పేపర్' అవుతుంది. మర్యాద తెలుగులోనే ఉండిపోయింది, మిషన్‌కు మాత్రం మొరటు పిల్ల దొరికింది. అసలు తెలుగులోనే కోస్తా 'అండి' పుస్తకాలకెక్కి సంస్కారమైంది, 'ఉండ్రి' మోటైంది. అమ్మను 'నువ్వు' అని పిలిచే ప్రేమను కూడా మోటు కిందే జమకట్టారు. ఒడిశా, బీహార్ల నుంచి వచ్చి పాశమైలారంలో బతుకుతున్న కూలీలు కూడా తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు బడి లేదు, సూపర్‌వైజర్ అరుపే పాఠం. 'తే', 'ఎత్తు', 'జల్ది' అని నేర్చుకున్నవాడు అదే తిరిగి అప్పగిస్తే ఎన్ని మార్కులేస్తారు?

ఇది మార్కులతో పోయే సంగతి కూడా కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. పాత యంత్రాలతో ప్రమాదమని తన తండ్రి పైవాళ్లకు ఎన్నోసార్లు చెప్పినా పట్టించుకోలేదని చనిపోయిన ఒక ఉద్యోగి కొడుకు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. విమాన ప్రమాదాల్లో కాక్‌పిట్ సంభాషణలు పరిశీలించిన షార్లెట్ లిండే 1988లోనే ఒక మాట చెప్పింది. కిందివాళ్లు పైవాళ్లతో మాటను మెత్తబరుస్తారు, అట్లా మెత్తబరిచిన సూచనలే ఎక్కువగా వృథా అవుతాయి. 'సార్, మీకు వీలైతే ఆ రియాక్టరు ఒకసారి చూస్తారా' అనేది సాఫ్ట్‌వేర్ దృష్టిలో మంచి మార్కుల వాక్యం. 'ఆపండి, అందరూ బయటికి పోండి' అనేదానికి ఎంతొస్తుందో మరి.

కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ వద్దనేకన్నా, అందులో ఏం పెట్టారని అడుగుదాం. కాదని చెప్పడం, కూలి తక్కువిచ్చినప్పుడు నిలదీయడం, ప్రమాదాన్ని గట్టిగా చెప్పడం కూడా సందర్భానికి తగిన మాటే, వాటికి ప్రశ్నలున్నాయా? గుర్తులు పెట్టేవాళ్లలో వాడల నుంచి వచ్చినవాళ్లెంతమంది? పైవాడి నోటికి మన దేశంలో ఒక చట్టం ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం పదిమందిలో కులం పేరుతో దూషిస్తే నేరమన్నది. ఆ చట్టం లెక్కన ఫ్యాక్టరీ షిఫ్టులో సూపర్‌వైజర్ల, మేనేజర్ల మాట కూడా రికార్డు చేసి మార్కులెయ్యమని యూనియన్లు, విద్యార్థి సంఘాలు అడగాలి. కంది దగ్గర ఐఐటీ ఉంది, ఫ్యాక్టరీలకు ఎంతో దూరం లేదు. ఆ మిషన్ తయారుచెయ్యమని ముందుగా అక్కడే అడగొచ్చు.