‘చేయి’ శబ్దము – దాని మూలరూపము

షోలాపురమున జోడ్‌భావి పేట వంటి నేతవాడలో తెలుగువాని ‘చేనేత’యే మరాఠీవానికి ‘హాత్‌మాగ్’. కన్నడిగుడు తన మగ్గమును ‘కైమగ్గ’ మనును. మూడింటను ముందు నిలిచినది చేతి పేరే. మరాఠీ ‘హాత్’ సంస్కృత హస్తశబ్దభవము. తెలుగు ‘చే’, కన్నడ ‘కై’ – ఈ రెంటి సంబంధమే యిచట విచార్యము.

‘చేయునది కావున చేయి’ యను వ్యుత్పత్తి వినుట కింపైనదే కాని పరీక్షకు నిలువదు. తెలుగును మాత్రమే చూచినచో రెండును ఒకే ధాతువువలె తోచును. తమిళమును ప్రక్కన నుంచినచో భేదము బయటపడును: అచట క్రియ ‘చెయ్’, అవయవము ‘కై’. కన్నడ ‘కివి’ తమిళ తెలుగులలో ‘చెవి’ యైనట్లు, తాలవ్యాచ్చునకు ముందున్న కకారము ఆ భాషలలో చకారమగును. తమిళ ‘కై’ మారలేదు. కావున దాని మూలమున అకారమే యుండవలెను. అందుచేతనే భాషావేత్తలు అవయవమునకు *కయ్, క్రియకు *కెయ్ అని వేర్వేరు రూపములను కల్పించిరి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) సైతము వానిని వేరుగనే చూపినది.

తెలుగున అకారము ఎకారమైన పిదప కకారము చకారమైనది. ఒక్క పదము చాలదందురేని, తమిళ ‘కైప్పు’, కన్నడ ‘కహి’, తెలుగు ‘చేదు’ అను వానిని చూడవచ్చును.

ఇక ‘చేతి’, ‘చేతులు’ అనుచోటి తకారము మూలమునకు చెందదు. తమిళ ‘కైయిల్’, కన్నడ ‘కైయల్లి’ రూపములలో నది లేదు. తెలుగు నేయి–నేతి, నూయి–నూతి, గోయి–గోతులలో నున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ఔపవిభక్తికములుగా వివరించిన వర్గమిది. ఏకవచనమున విభక్తికై వచ్చిన తకారము ‘చేతులు’ అను బహువచనమునను నెలకొన్నది. ‘చేనేత’లోని పూర్వపదమున మాత్రము తకారములేని ‘చే’ మిగిలినది. తృతీయావిభక్తిలోని ‘చేత’, ‘చే’ ప్రత్యయములును ఈ నామసంతతియే.

*కయ్ ఏ శాసనమునను కానరాదు, అది యూహయే. కాని ధ్వనినియమమునకు కట్టుబడిన యూహ. జనవ్యుత్పత్తికి అట్టి కట్టుబాటు లేదు. మరాఠీ నడుమ తెలుగు నేర్చు బాలునకు ‘చేయునది చేయి’ యని చెప్పి విడిచినచో, పొరుగింటి కన్నడ ‘కై’ వానికి పరాయి మాటగనే మిగులును. మూలరూపమును చెప్పినచో అది తన మాటకు తోబుట్టువని తెలియును. తప్పు వ్యుత్పత్తివలన పోవునది పదచరిత్ర మాత్రమే కాదు, బాంధవ్యమును.