అణుకత్తెర అను ఉపమానము

జీవశాస్త్ర పాఠములలో రెస్ట్రిక్షన్ ఎంజైములకు ‘అణుకత్తెరలు’ అను పేరు స్థిరపడినది. బాక్టీరియములు తమలో చొరబడు వైరసుల డి.ఎన్.ఎ.ను ఖండించుటకు ఈ ఎంజైములను వాడుకొనును. నియతస్థానముననే ఖండించు ఎంజైమును 1970లో హామిల్టన్ స్మిత్, ఆయన సహచరులు వర్ణించిరి. స్మిత్, వెర్నర్ ఆర్బర్, డేనియల్ నాథన్స్‌లకు 1978లో నోబెల్ బహుమతి లభించినది. కత్తెర యనిన మాట పిల్లలకు సులభముగా పట్టుబడును. తెగిన పిమ్మట ముక్కలు మిగులునని అది చక్కగా చెప్పును. కాని ఒక్కచోటనే ఏల తెగునో చెప్పదు. కత్తెరకు పట్టుబట్టయు గోనెపట్టాయు ఒక్కటే. ఎంజైమునకు అట్లు కాదు.

ఇది కేవలము మాటల తగవు కాదనుటకు భద్రాచలము ఏజెన్సీయే సాక్ష్యము. 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ అటవీప్రాంతము కోయల నివాసభూమి. మధ్య, దక్షిణ భారతములలోని పలు గిరిజన సమూహములవలెనే కోయలలోను సికిల్ సెల్ రక్తహీనతకు కారణమైన జన్యువు కలదు. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము గిరిజన ప్రాంతములలో 40 సంవత్సరముల లోపు వారికి ఈ పరీక్ష జరుపవలెనని సంకల్పించినది. కావున ఈ పాఠము ఇచటి విద్యార్థికి తన రక్తమును గూర్చిన పాఠమే.

ఆరోగ్యవంతుని హీమోగ్లోబిన్ జన్యువులో ఒకచోట సి-సి-టి-జి-ఎ-జి-జి అను వరుస ఉండును. వ్యాధికారక జన్యువులో ఆ ‘ఎ’ స్థానమున ‘టి’ వచ్చును. మార్పు ఒక్క అక్షరమే. ఎంఎస్‌టి-2 అను ఎంజైము మొదటి వరుసను ఖండించును, రెండవదానిని ఖండింపదు. ఆరోగ్యకరమైన జన్యువు నుండి సుమారు 1150, 200 అక్షరజంటల ముక్కలు రెండు వచ్చును. మారినదాని నుండి 1350 జంటల ముక్క ఒక్కటే వచ్చును. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే మారిన జన్యువు పొందినవారిలో మూడు ముక్కలును కనబడును. వారు వాహకులే గాని రోగులు కారు. సాధారణ రక్తపరీక్షలు హీమోగ్లోబిన్‌నే పరిశీలించును. గర్భస్థశిశువులో పెద్దవారి హీమోగ్లోబిన్ మిక్కిలి తక్కువ కనుక, డి.ఎన్.ఎ. పరీక్ష అక్కరకు వచ్చును. ఈ ఎంజైముతో అట్టి నిర్ణయము సాధ్యమని 1982లో నిరూపించిరి.

“ఒక్క అక్షరము మారినంతనే కత్తెర ఏల మొద్దుబారినది?” అని విద్యార్థి అడిగినచో, కత్తెర పాఠమున సమాధానము లేదు.

సమాధానమునకు దారి చూపునది మరియొక ఎంజైము, ఇకో ఆర్-5. ఇది జి-ఎ-టి-ఎ-టి-సి అను ఆరక్షరముల వరుసను సరిగా నడుమ ఖండించును. ఇది డి.ఎన్.ఎ.పై ఎచటనైనను వ్రాలి, దానివెంట జారుచు తన స్థానమును వెదకును. అంటుకొన్నంత మాత్రమున తెగదు. ఫ్రిట్జ్ వింక్లర్, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన స్ఫటిక నిర్మాణములు ఈ భేదమును కన్నులకు కట్టినవి. తగిన వరుస దొరికినపుడు డి.ఎన్.ఎ. నడుమ సుమారు 50 డిగ్రీలు వంగియున్నది. తగని వరుసపై ఎంజైము కూర్చున్నను అట్టి వంపు లేదు.

వంచుటకు శక్తి కావలెను. ఎంజైమునకును అక్షరములకును నడుమ ఏర్పడు బంధములు ఆ శక్తిని సమకూర్చును. నడిమి టి-ఎ మెట్టు స్వభావముచేతనే సులువుగా వంగునది. వంగిన పిమ్మట తెగవలసిన ఫాస్ఫేటు, మెగ్నీషియము, నీటి అణువు తమ తమ స్థానములకు వచ్చును. అపుడు నీరు బంధమును విడగొట్టును. ఒక్క అక్షరము తప్పినచో కొన్ని బంధములు ఏర్పడవు, వంపు పూర్తికాదు, ఖండనవేగము పదిలక్షలవ వంతుకో అంతకన్న తక్కువకో పడిపోవును. అనగా గుర్తించుట, వంచుట, ఖండించుట మూడు వేర్వేరు పనులు కావు, ఒకదానికొకటి ముడిపడినవి.

కత్తెరకన్న అడవిలో వెదురు కొట్టువాని ఉపమానము మేలు. అతడు సన్నని గడను ఒకచేత వంచి, బిగిసిన చోట కత్తివేటు వేయును. వంగిన గడ తేలికగా తెగును. ఈ ఉపమానమునకును హద్దు కలదు. వెదురును వంచునది చేతిబలము, డి.ఎన్.ఎ.ను వంచునది అక్షరములతో కుదిరిన పొందిక. అదియుగాక ఎంజైములన్నియు ఒక్కరీతిగా వంచవు. ఇకో ఆర్-1 డి.ఎన్.ఎ.ను కొంత మెలిత్రిప్పును. బామ్ హెచ్-1 దాదాపు తిన్నగానే ఉంచి ఖండించును. కావున కత్తెరను తొలగించి వంపునే సర్వస్వముగా బోధించుటయు పొరపాటే. ఏ ఎంజైమునకైనను చెల్లు సూత్రము ఒక్కటి: తగిన వరుసతో పొందిక కుదిరిననే ఖండించు అమరిక సిద్ధమగును.

ఉపాధ్యాయులు కత్తెర మాటను విడనాడనక్కరలేదు. దానితో పాఠము మొదలుపెట్టి, అది ఎచట ఆగిపోవునో తరగతిలోనే చూపవలెను. 1350, 1150, 200 అను మూడు అంకెలను నల్లబల్లపై వ్రాసి, ఆరోగ్యవంతుడెవరు, వాహకుడెవరు, రోగి ఎవరు అని పిల్లలచేతనే తేల్పింపవలెను. పిమ్మట “ఏల తెగలేదు?” అను ప్రశ్నను వారికే విడువవలెను. ఆ ప్రశ్న వేసికొన్న పిల్లవాడు రేపు తన పరీక్షాపత్రమును చేతబట్టినపుడు భయపడక చదువుకొనగలడు.