వంటకూ మార్కులుండాలి

పంజాగుట్టలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ఈ వారం ఒక మాట చెవినపడి మనసు చివుక్కుమంది. తొమ్మిదో తరగతి కుర్రాడు స్కూల్లో ఫుడ్ ప్రొడక్షన్ తీసుకుంటానంటే, వాళ్ల నాన్న "వంట నేర్చుకోవడానికా అంత ఫీజు కడుతున్నాం?" అని కసిరాడు. సీబీఎస్ఈ 9, 10 తరగతులకు ఇచ్చే నైపుణ్య సబ్జెక్టుల్లో అదొకటి. రాతకు 50 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 50.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పోరు తెలిసిందే. చేత్తో నేర్చుకునే పనిని మార్కుల్లోకి దించితే పని పోయి మార్కులే మిగులుతాయని డ్రాయింగ్ గురించీ రాశాను, కుట్టుపని గురించీ రాశాను. ఆ తండ్రి కసురుకోవడం నచ్చకపోయినా, వంటకు బడి కన్నా అమ్మ పక్కన నిలబడటమే మేలు కదా అనుకుంటుండగా మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని సైఫాబాద్ హోమ్ సైన్స్ కాలేజీలో చదివింది. ఖైరతాబాద్‌కు ఆనుకునే, 1952 నుంచి ఉన్న కాలేజీ. సెలవు రోజున ఇంటికొస్తే అమ్మతో వాదనే. అమ్మ బియ్యం మూడు నీళ్లు కడిగి, ఎసట్లో పోసి, మెతుకు పట్టి చూసి, గిన్నెకు మూత అడ్డం పెట్టి గంజి వార్చేది. "అక్కా, బి విటమిన్లన్నీ ఆ గంజిలోనే పోతున్నాయి. నీళ్లు కొలిచి అత్తెసరు పెట్టు" అనేది పిన్ని. "అత్తెసరు పెడితే నా చీరలకు గంజెక్కడిదే?" అనేది అమ్మ. చివరికి రాజీ కుదిరేది. ఉప్పేసిన గంజి గ్లాసుడు చొప్పున పిల్లలకు, మిగిలింది నేత చీరలకు.

పిన్ని మాటకు వెనక పెద్ద కథే ఉంది. పాలిష్ బియ్యం మీదే బతికేవాళ్లకు థయమిన్ చాలక బెరిబెరి వచ్చేది. ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగం పెట్టారు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ చేరి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. అమ్మ చేతి వంటకు వంక పెట్టలేను. కానీ ఈ సంగతి ఆమెకు ఏ వంటిల్లూ చెప్పలేదు. పిన్నికి క్లాసురూమ్ చెప్పింది.

ఇంకో సంగతి. ఆ వాదన సాగినంతసేపూ మా అక్కలిద్దరూ వంటింట్లోనే ఉండేవారు. మగపిల్లల్ని మాత్రం "మీకిక్కడేం పనిరా" అని బయటికి తోలేవారు. ఇంట్లో నేర్చుకోవడమంటే మన ఇళ్లలో జరిగింది ఇదే.

అలా పెరిగినవాళ్ల కొడుకులు ఇవాళ అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నారు. రాత్రయితే కర్రీ పాయింట్ ముందు నిలబడి కవర్లో పప్పు, వేపుడు కట్టించుకెళ్తారు. రూములో కుక్కర్ ఉన్నా అన్నం వరకే. కర్రీ పాయింట్లంటే నాకు గౌరవమే, ఎన్నో కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి. కానీ గ్లాసుడు కందిపప్పు, కట్ట పాలకూర, రెండు టమాటాలతో ముగ్గురికి సరిపడా పప్పు అవుతుందని తెలియకుండా ఇరవై ఏళ్లు దాటడం చదువులో లోటే. తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, అన్నంలో నిమ్మచెక్క పిండుకుంటే బాగా పడుతుందనీ వాళ్లకెవరూ చెప్పలేదు.

పోనీ, వంట నేర్చిన ఆడపిల్లలైనా బాగున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. వండిపెట్టే చేతులకే రక్తం చాలడం లేదు. వండటం ఒక్కటే వస్తే సరిపోదు, ఏది ఎందుకు తినాలో, ఎవరికెంత కావాలో కూడా తెలియాలి.

అందుకే ఈ ఒక్క సబ్జెక్టుకు మార్కులుండాల్సిందే అంటాను. మార్కుల్లేని పీరియడ్‌ను మన బడుల్లో లెక్కల సారు లాగేసుకుంటారు. ఆటల పీరియడ్ ఏమైందో చూస్తూనే ఉన్నాం. 50 మార్కుల ప్రాక్టికల్ ఉంటే స్కూలు పొయ్యి పెడుతుంది, త్రాసు కొంటుంది, అబ్బాయిలూ కూరగాయలు తరుగుతారు.

మీ అబ్బాయి ఆ సబ్జెక్టు అడిగితే సంతోషంగా సంతకం పెట్టండి. మీ స్కూల్లో లేకపోతే వచ్చే పేరెంట్స్ మీటింగులో లేచి అడగండి. ఆ అడిగేది నాన్నలైతే మరీ మంచిది.