మూకుడు కోసం పుట్టిన తీపి మిరప

వేపుడు మిరపను గుర్తుపట్టాలంటే కండ చూడాలి. కాప్సికం కండ మందం, నీరెక్కువ. మూకుట్లో పడగానే నీరొదిలి ఉడుకుతుందే గాని వేగదు. సన్నగా, పొడవుగా కాసే తీపి రకాలకు కండ పల్చన. అందుకే నూనెలో ఇట్టే మెత్తబడి, అంచులు ఎర్రబడి కమ్మగా వేగుతాయి.

దక్షిణ ఇటలీలోని బాసిలికాటాలో ఈ కాయలంటే ప్రాణం. అక్కడి సెనీసే మిరపను దండలు గుచ్చి ఎండబెట్టి, కరకరలాడేలా నూనెలో వేయిస్తారు. మన చల్ల మిరపకాయకు దగ్గరి చుట్టమే, కాకపోతే మజ్జిగలో ఊరదు, కారం ఉండదు. అదే ప్రాంతంలోని రువోతి నుంచి 1887లో అమెరికా వలస వెళ్లిన నార్డెల్లో కుటుంబం తమ ఊరి మిరప గింజలు వెంట తీసుకెళ్లి, కనెక్టికట్ రాష్ట్రంలోని నాగటక్‌లో పండించింది. ఆ ఇంటి కొడుకు జిమ్మీ 1983లో వాటిని సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే విత్తన సంరక్షణ సంస్థకు అప్పగించాడు. ‘జిమ్మీ నార్డెల్లో’ పేరుతో ఆ మిరప ఈనాటికీ పెరళ్లలో కాస్తోందంటే, ఒక ఇల్లు గింజలు దాచుకోవడం వల్లనే.

నారు పోయడానికి వెచ్చదనం కావాలి. మట్టి 25 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే పది రోజులు అటూ ఇటూగా మొలక వస్తుంది. చలి దేశాల్లో మంచు కురిసే కాలం పోవడానికి 8 వారాల ముందే ఇంట్లో గింజలు వేసి, రాత్రులు వెచ్చబడ్డాక నాటుతారు. తెలుగు నేల మీద చిక్కు చలితో కాదు, ఎండతో. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రులూ వేడిగా ఉంటే పూత రాలిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోస్తే పూత, పిందె చల్లని నెలల్లో పడతాయి.

మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం చాలు. కుండీ అయితే అడుగు లోతుండాలి, నీరు నిలవకూడదు. మట్టిలో చివికిన పశువుల ఎరువు కలపాలి. నత్రజని మితిమీరితే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయ మాత్రం రాదు. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే కాయకు కాల్షియం సరిగా అందక అడుగు భాగం నల్లబడి కుళ్లుతుంది. మొక్క మొదట్లో ఎండుటాకులు పరిచి, తడి నిలకడగా ఉంచడమే దీనికి మందు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ తొలిదశలోనే ఆకుల అడుగున వేపనూనె పిచికారీ చేయాలి.

ఆకుపచ్చగా ఉండగానే ఈ కాయను కోసేయడం అన్యాయం. పచ్చికాయా వేగుతుంది గాని, అసలు తీపి ఎర్రగా పండాకే వస్తుంది. అందుకు మరో రెండు మూడు వారాలు ఆగాల్సి ఉంటుంది, ఆగి తీరాలి. కోతకు కత్తెర వాడాలి, లాగితే కొమ్మ విరుగుతుంది. వేయించేటప్పుడు కాయను తరగక్కర్లేదు. తడి తుడిచి, తొడిమతోనే కాగిన నూనెలో వేసి, తోలు అక్కడక్కడ కమిలాక ఉప్పు చల్లితే సరి.

పక్కనే కారం మిరప ఉంటే ఈ కాయ కారమవుతుందేమోనని చాలామందికి భయం. ఈ ఏటి కాయకు ఏమీ కాదు. గింజలు అంటిపెట్టుకుని ఉండే లోపలి తెల్లటి భాగంలో కారం తయారవుతుంది. అది తల్లి మొక్కదే, పుప్పొడి దాన్ని మార్చలేదు. కానీ తేనెటీగ కారం మిరప పుప్పొడి మోసుకొస్తే, ఆ గింజల నుంచి వచ్చే మొక్కల కాయలు కారంగా ఉంటాయి. విత్తనం కోసమైతే విచ్చకముందే మొగ్గలకు పల్చటి గుడ్డ సంచి కట్టి, పిందె పడ్డాక విప్పి, ఆ కాయకు దారం గుర్తు పెట్టాలి. అది తొడిమ మీదే పూర్తిగా పండాక గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో తేమ తగలని చోట దాస్తే రెండు మూడేళ్లు మొలకెత్తుతాయి.